దారి లేని సీమలో బండి చప్పుళ్ళు

మీ దగ్గిర అట్లాసు ఉంటే ఉత్తర అమెరికా పటం తీసి చూడండి. కెనడా దేశంలోకి ఉత్తరాన్నుంచి సముద్రం చొచ్చుకువచ్చి ఒక పెద్ద సంచీలాగా కనిపిస్తుంది. అది హడ్సన్ అఖాతం. ఆ సంచీ అడుగున ఒక జేబు వేలాడుతూ ఉంటుంది. అది జేమ్స్ అఖాతం. ఆ జేబు కొసన మూస్ అనే నది వచ్చి కలుస్తుంది. సముద్రం ఇంకా ఇరవై కిలోమీటర్లు ఉన్నదనగా, ఆ నది ఒడ్డున మూసొనీ అనే చిన్న ఊరున్నది.

ఈ ఊరికి దక్షిణాన్నుంచి ఏడాది పొడుగునా నడిచే రోడ్డు లేదు. రైలున్నది. కోక్రేన్ అనే పట్నంలో ఎక్కితే సుమారు మూడు వందల కిలోమీటర్లు అడవిలో పోయి మూసొనీలో దించుతుంది. 1932లో పట్టాలు ఇక్కడిదాకా వచ్చి ఆగిపోయాయి. ఆ రైలుకు ‘తెల్ల ఎలుగుబంటి ఎక్స్‌ప్రెస్’ అని పేరు. తమాషాకి పెట్టిన పేరు కాదు. ప్రపంచంలో తెల్ల ఎలుగుబంట్లు ఉండే చోట్లన్నిటిలోకీ దక్షిణంగా ఉన్నది జేమ్స్ అఖాతం తీరమే. అయితే రైలు కిటికీలోనుంచి అవి కనపడతాయని మాత్రం ఆశపడకండి.

మూసొనీకి ఎదురుగా నదిలో ఒక లంక ఉన్నది. దాని పేరు మూస్ ఫ్యాక్టరీ. 1673లో హడ్సన్స్ బే కంపెనీవారు బొచ్చుతోళ్ళ వ్యాపారం కోసం అక్కడ కోఠీ పెట్టారు. ఇప్పుడు ఆ లంకలోనూ, ఈ ఒడ్డునా ఉండేవారిలో ఎక్కువమంది క్రీ జాతివారు. లంకకు ఎండాకాలంలో పడవ మీద పోతారు. చలికాలంలో గడ్డకట్టిన నది మీదనే కార్లలో పోతారు. మంచు గట్టిపడే రోజులలోనూ, కరిగే రోజులలోనూ పడవా పనికిరాదు, కారూ పనికిరాదు. అప్పుడు హెలికాప్టరు ఎక్కవలసిందే!

ఊరు దాటితే ఏమున్నది? అక్కడే ఉన్నది వింత. హడ్సన్ అఖాతపు పల్లపు భూమి మొత్తం మూడు లక్షల చదరపు కిలోమీటర్లకు పైచిలుకు. మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపి అందులో పెట్టినా ఇంకా చోటు మిగులుతుంది. అదంతా పళ్ళెంలాగా చదును. కిలోమీటరు దూరం పోయినా నేల వాలు ఒక మీటరు కూడా ఉండదు. వాన నీరూ, మంచు కరిగిన నీరూ ఎటు పోవాలో తెలియక అక్కడే నిలిచిపోతాయి. ఆ నీటిలో నాచు పెరిగి, చచ్చి, దానిమీద మళ్ళీ నాచు పెరిగి, వేల ఏళ్ళుగా పొరలు పొరలుగా పేరుకున్నది. దానిమీద అడుగు వేస్తే దూది పరుపు మీద వేసినట్టుంటుంది. రెండవ అడుగు మోకాలిదాకా దిగిపోవచ్చు. ఇలాంటి నేలను ‘మస్కెగ్’ అంటారు. క్రీ భాషనుంచి వచ్చిన మాట అది.

అయితే ఈ బురద మధ్య అక్కడక్కడా గట్టి గట్లున్నాయి. గులకరాళ్ళూ, ఇసుకా కలిసిన సన్నని పొడుగాటి దిబ్బలు, వాటి మీద స్ప్రూస్ చెట్లు. అవి ఒకప్పటి సముద్రపు ఒడ్లు! సుమారు ఎనిమిది వేల ఏళ్ళ కిందటిదాకా ఈ ప్రాంతాన్ని కిలోమీటర్ల మందాన మంచుగడ్డ అణిచిపెట్టి ఉంచింది. మంచు కరిగిపోయాక, బరువు దించుకున్న గాడిద నడుము ఎత్తినట్టు, నేల మెల్లిగా పైకి లేవసాగింది. ఇప్పటికీ ఏడాదికి సుమారు ఒక సెంటిమీటరు చొప్పున లేస్తూనే ఉన్నది. నేల లేచినకొద్దీ సముద్రం వెనక్కు జరిగి, పాత ఒడ్డును గట్టుగా వదిలిపెడుతున్నది. కనక ఇక్కడ తీరానికి అడ్డంగా పోయేవారికి గట్టు, బురద, నీటి పాయ, మళ్ళీ గట్టు—ఇలా నేల మారుతూ ఉంటుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి. తరవాత మనకు చాలా అక్కరకు వస్తుంది.

ఇలాంటి చోట తిరగటానికి కొందరు వాడే బండి చూడటానికి స్నానాల తొట్టికి చక్రాలు అమర్చినట్టుంటుంది. చక్రాలు నాలుగు కాదు, ఎనిమిది. కొన్నిటికి ఆరు. ఈ రాష్ట్రంలోనే దక్షిణాన న్యూ హాంబర్గ్ అనే ఊళ్ళో, పళ్ళ చక్రాలు చేసే ఒక కంపెనీ 1967లో ‘ఆర్గో’ అనే పేరుతో ఇలాంటి బండి అమ్మటం మొదలుపెట్టింది. అది నేల మీద నడుస్తుంది, నీటిలో తేలుతుంది. టైర్లు బూరెల్లాగా ఉబ్బి ఉంటాయి గాని, వాటిలో గాలి ఒత్తిడి కారు టైరులో ఉండేదానిలో సుమారు పదో వంతే. అందుకే ఇది నేలను నొక్కే ఒత్తిడి నిలబడ్డ మనిషి పాదం నొక్కే ఒత్తిడికన్న తక్కువ. మీరు దిగబడే చోట ఇది దిగబడదు! నీటిలోకి దిగితే ఆ టైర్ల గాడులే తెడ్లలాగా నీటిని వెనక్కు తోస్తాయి. వేగం మాత్రం మనిషి నడిచేపాటిదే.

దీని లోపల శక్తి ఎలా ప్రయాణం చేస్తుందో తెలుసుకోవాలి. ఇంజను ఒక రబ్బరు బెల్టును తిప్పుతుంది. బెల్టు గేరుపెట్టెను తిప్పుతుంది. గేరుపెట్టెనుంచి కుడివైపుకూ, ఎడమవైపుకూ చైనులు పోతాయి. అచ్చంగా మీ సైకిలు చైనులాంటివే, కాకపోతే మరింత లావు. అవి ఇరుసుల మీది పళ్ళ చక్రాలను తిప్పుతాయి. ఒకవైపున ఉండే నాలుగు చక్రాలూ చైనులతో ముడిపడి ఉండటం చేత ఒకేసారి, ఒకే లెక్కన తిరుగుతాయి. ఒకటి తొందరపడటానికీ లేదు, ఇంకొకటి బద్ధకించటానికీ లేదు.

ముందు చక్రాలు పక్కకు తిరగవు. మరి బండి మలుపు ఎలా తిరుగుతుంది? ఎడ్లబండిని తిప్పటం చూశారు కదా. ఎడమకు పోవాలంటే ఎడమ ఎద్దును ఆపి, కుడి ఎద్దును అదిలిస్తారు. ఇదీ అంతే. ఎడమవైపు చక్రాలకు బ్రేకు పడితే, కుడివైపువి ముందుకు పోయి బండిని తిప్పేస్తాయి.

ఇప్పుడు మనం సెప్టెంబరు నెలలో ఒకనాటి పొద్దున మూసొనీలో ఇలాంటి బండి ఎక్కి సముద్రతీరానికి బయలుదేరామనుకోండి. ఆకాశంలో బాతులు బారులు తీరి దక్షిణానికి పోతున్నాయి. క్రీలకు ఇది వేట కాలం. బండి తోలే ఆయన కూడా క్రీ జాతివాడే, పెద్దవాడు. ఎక్కువ మాట్లాడడు. రేడియో పెట్టుకోడు. ఎందుకంటే ఆయన బండి చప్పుడు వింటున్నాడు.

మన ఊళ్ళలో సైకిలు చైను తెగితే తోసుకుంటూ పోయి దుకాణంలో ఇస్తాం. ఇక్కడ తోసుకుపోయే దారీ లేదు, దుకాణమూ లేదు. ఈ బండికి ఒకవైపు చైను తెగితే ఏమవుతుంది? ఆ వైపు చక్రాలకు శక్తి పోతుంది. రెండవ వైపు చక్రాలు మాత్రం తిరుగుతాయి. అప్పుడు బండి గానుగెద్దులాగా ఉన్న చోటనే గుండ్రంగా తిరగటం తప్ప ముందుకు పోదు. సాయంత్రం పోటు వచ్చిందంటే తీరాన ఉన్న చదును నేలంతా నీటిమయం. చెడబోయే భాగం చెడకముందే ఏదో ఒక చప్పుడు చేస్తుంది. దాన్ని పట్టుకోవాలి.

మొదటి పాయ దాటి ఒడ్డెక్కగానే ‘కీచ్’మని అరుపు వినిపించింది. ఇంజను హోరు పెరిగింది గాని బండి పెరగలేదు. మీరు భయపడతారు. ఆయన నవ్వి బండి ఆపి, గేరు తీసేసి, ఇంజను వేగం కాస్త పెంచాడు. కీచుమనటం మళ్ళీ వినిపించింది. బండి కదలటంలేదు, చైనులూ ఇరుసులూ కదలటంలేదు. అయినా చప్పుడున్నది. కనక అది ఇంజనులోనో, బెల్టులోనో, గేరుపెట్టె వాకిట్లోనో ఉండాలి గాని, దానికి అవతల ఉండటానికి వీల్లేదు. చూశారా, ఒక్క పరీక్షతో సగం బండిని పక్కన పెట్టేశాడు! మనం నీళ్ళలోనుంచి వచ్చామన్న సంగతి కలుపుకుంటే, మిగిలింది ఊహించటం కష్టం కాదు. బెల్టు తడిసి జారుతున్నది. కొంచెంసేపు అలాగే తిప్పి ఆరనిచ్చాడు. కీచురాయి నోరు మూసింది.

తరవాత చాలాసేపు మస్కెగ్ మీద మెత్తగా పోయాం. ఒక గట్టు ఎక్కగానే ‘టక్’మన్నది. కొంత దూరం పోయాక మళ్ళీ ‘టక్’. ఇది కీచురాయిలాంటిది కాదు. ఇనుము ఇనుమును కొట్టిన చప్పుడు.

ఎక్కడినుంచి వస్తున్నది? మీరు ముందునుంచి అంటారు, నేను కిందనుంచి అంటాను. ఇద్దరమూ చెప్పలేం. ఈ బండి ఒళ్ళు లోపల డొల్లగా ఉండే ప్లాస్టిక్కు తొట్టి. మద్దెల లోపల కూచుని, ఎవరు ఎక్కడ వాయిస్తున్నారో చెప్పమంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే. అంచేత చెవి చెప్పే దిక్కును నమ్మటానికి లేదు. చెవి చెప్పే లెక్కను మాత్రం నమ్మవచ్చు.

ఆయన ముందు ఇంజను ఆపి, దిగి, టైర్లన్నీ చుట్టూ తిరిగి చూశాడు. ఏ పుల్లో, గులకరాయో టైరు గాడిలో ఇరుక్కుని తొట్టిని తడుతున్నదేమోనని. అదే అయితే అయిదు నిమిషాల పని. నాకు తెలిసినంతలో, సగం చప్పుళ్ళకు కారణం ఇలాంటి అల్పమైన వస్తువులే. ఈసారి ఏమీ కనపడలేదు. గేరు తీసేసి ఇంజను తిప్పి చూశాడు. టక్‌మనలేదు. అంటే తప్పు గేరుపెట్టెకు అవతల, చైనుల దగ్గిరో, ఇరుసుల దగ్గిరో ఉన్నదన్నమాట.

అప్పుడు ఒక టైరుకు సుద్దముక్కతో గుర్తు పెట్టి, మిమ్మల్ని పక్కన నడుస్తూ లెక్కపెట్టమన్నాడు. ఈ టైరు ఒకసారి తిరిగితే బండి సుమారు రెండు మీటర్లు పోతుంది. సుద్దగీత పైకి వచ్చిన ప్రతిసారీ టక్‌మంటే తప్పు ఇరుసుదో, చక్రానిదో. అలా కాక ఒక చైను లంకెలో తప్పున్నదనుకోండి. ఉదాహరణకు చైనుకు 64 లంకెలు, అది చుట్టుకునే రెండు పళ్ళ చక్రాలకూ 16 పళ్ళ చొప్పున ఉంటే, చైను ఒక చుట్టు తిరిగేలోపల ఇరుసు నాలుగు సార్లు తిరుగుతుంది. ఆ పాడు లంకె ఒక్కొక్క పళ్ళ చక్రాన్నీ ఒక్కొక్కసారి ఎక్కుతుంది. అంటే టైరు రెండు సార్లు తిరిగితే ఒక టక్. తూచినట్టు, తప్పకుండా వస్తుంది. గోడ గడియారం తప్పినా అది తప్పదు.

మీరు శ్రద్ధగా లెక్కపెట్టారు. మూడు చుట్లకు ఒక టక్, తరవాత అయిదింటికి, తరవాత నాలుగింటికి. లెక్క కుదరలేదు! మీకు విసుగు పుట్టింది. ఆయన ముఖం మాత్రం తేటపడింది. లెక్క కుదరకపోవటం కూడా ఒక జవాబే. తిరిగే వస్తువులో పగులో, విరిగిన పన్నో ఉంటే అది తిరిగిన లెక్కన తప్పకుండా పలకాలి. పలకటంలేదు గనక అది కాదు.

మనం గట్టు దిగి మళ్ళీ బురదలోకి వచ్చాం. చప్పుడు మాయం. అవతల పాయలోకి దిగి తేలాం. చప్పుడు లేదు. తరవాతి గట్టు ఎక్కాం. టక్! పూర్వం సముద్రం వదిలిపెట్టిపోయిన గట్లే ఇప్పుడు మనకు పరీక్ష పెడుతున్నాయి.

నీటిలో చప్పుడు పోయింది గదా, మరి బేరింగు పాడైందేమో అని మీకు తట్టి ఉంటే శభాష్! మంచి అనుమానమే. నీటిలో బండి బరువును తొట్టి మోస్తుంది, చక్రాలు ఊరికే తిరుగుతాయి. నేల మీద బరువు పడ్డప్పుడు ఏడ్చే బేరింగు నీటిలో నెమ్మదించవచ్చు. కాని బేరింగు ఏడుపు వేరు. దానిలో ఉక్కు గుళ్ళు ఉంటాయి. నీళ్ళు చొరబడి తుప్పు పట్టినప్పుడు అవి ‘గుర్ర్ర్’మని ఎడతెగకుండా, తిరగలిలో రాళ్ళు పడ్డట్టు చప్పుడు చేస్తాయి. వేగం పెరిగితే ఆ గుర్రు హెచ్చుతుంది. పైగా బరువు తేడాయే కారణమైతే, నేల మెత్తనైనా గట్టిదైనా బండి బరువు ఒకటే గదా! బురదలో కూడా వినిపించి ఉండాలి. వినిపించలేదు.

మెత్తని నేల మీద లేకుండా, గట్టి నేల మీద మాత్రమే ఉండే తప్పు ఏమిటి?

ఒకవైపు చక్రాలన్నీ ఒకే లెక్కన తిరుగుతాయని చెప్పుకున్నాం. మూడు టైర్ల చుట్టుకొలత 200 సెంటిమీటర్లనుకోండి. నాలుగవదానిలో గాలి కొంచెం తగ్గి, నేలకు నొక్కుకుపోయి, 197 సెంటిమీటర్లకు వచ్చిందనుకోండి. వంద చుట్లు తిరిగేసరికి ఆ మూడూ 200 మీటర్లు పోదామంటాయి. నాలుగవది 197 మీటర్లే పోగలదు. బండి ఒకటే, అన్నీ కలిసే పోవాలి. బురదలో అయితే ఏదో ఒక టైరు కాస్త జారి సర్దుకుంటుంది, ఎవరికీ తెలియదు. గులకరాళ్ళ గట్టు మీద టైరు సులువుగా జారదు. అప్పుడు ఈ తగాదా అంతా చైను మీద పడుతుంది. చైను బిగుసుకుంటుంది, ఇంకా బిగుసుకుంటుంది, చివరికి టైరు ఒక్కసారి విదిలించుకుని జారుతుంది. బిగువు తెగి చైను పళ్ళ మీద ‘టక్’మని కొడుతుంది. ఎప్పుడు జారుతుందో ఆ రాళ్ళను బట్టి ఉంటుంది గనక లెక్క కుదరదు.

ఆయన గట్టు మీద బండి ఆపి, ఒక తాడు తీసి, ఎడమవైపు నాలుగు టైర్లనూ ఒక్కొక్కటే చుట్టి కొలిచాడు. మూడవ టైరు దగ్గిర తాడు నాలుగు వేళ్ళు మిగిలింది. వేలితో నొక్కితే తెలిసేది కాదు, ఇవన్నీ మెత్తని టైర్లే. నరికిన చెట్టు మోడు గుచ్చుకుని సన్నని బెజ్జం పడింది. గాలి మెల్లిగా పోతున్నది. బెజ్జానికి రబ్బరు బిరడా కొట్టి, చేతిపంపుతో గాలి ఎక్కించి, తాడుతో మళ్ళీ కొలిచాడు. సరిపోయింది. ఆ తరవాత మూడు గట్లు దాటాం. టక్‌మంటే ఒట్టు!

పట్టించుకోకుండా పోయినట్టయితే ఏమయ్యేది? వెంటనే ఏమీ కాదు. కాని అలా బిగువు పడ్డకొద్దీ లంకెల్లో ఉండే మేకులు అరుగుతాయి. చైను సాగిందని అంటారు గాని, నిజానికి ఉక్కు సాగటంకన్న మేకులు అరిగి సందులు పెరగటమే ఎక్కువ. ఒక్కొక్క సందు వెంట్రుకంత అయినా, అరవై నాలుగు కలిస్తే చైను వదులైపోతుంది. వదులైన చైను పన్ను మీదనుంచి ఎగిరిపడుతుంది. ఒకనాడు పోటు నీళ్ళు వస్తుండగా తెగుతుంది.

మీరు ఇంటి దగ్గిర ఈ లెక్క చేసి చూడవచ్చు. సైకిలును తలకిందులుగా నిలబెట్టి, పెద్దవాళ్ళను దగ్గిర ఉంచుకుని, పెడలు నెమ్మదిగా తిప్పండి. వేళ్ళు మాత్రం చైను దగ్గిరికి పోనివ్వకండి. ముందు పళ్ళ చక్రానికి 48 పళ్ళూ, చైనుకు 112 లంకెలూ ఉంటే, చైను ఒక చుట్టు తిరగటానికి పెడలు రెండుంబావు చుట్లకన్న కొంచెం ఎక్కువ తిరగాలి. చప్పుడు పెడలు చుట్టుకు ఒకసారి వస్తున్నదా, వెనక చక్రం చుట్టుకు ఒకసారి వస్తున్నదా, లేక పాడు లంకె వంతు వచ్చినప్పుడల్లా వస్తున్నదా చూడండి. మీ సైకిలు పళ్ళు మీరే లెక్కపెట్టుకోవాలి. అన్నిటికీ ఒకటే ఉండవు.

రాత్రి మూసొనీ చేరాక ఆయన బండిని దిమ్మల మీదికి ఎత్తాడు. ఇంజను ఆపి ఉంచి, మిమ్మల్ని ఒక్కొక్క చక్రమూ చేత్తో తిప్పమని, ఒక పొడుగాటి కర్ర కొసను ఇరుసు పట్టు మీద ఆనించి, రెండవ కొసను చెవి దగ్గిర పెట్టుకున్నాడు. 1816లో పారిస్ నగరంలో లెనెక్ అనే వైద్యుడు చేసిన పని కూడా ఇలాంటిదే. దూలం ఒక చివర గుండుసూదితో గీకితే రెండవ చివర చెవి పెట్టినవాడికి స్పష్టంగా వినిపిస్తుందన్న సంగతి గుర్తు వచ్చి, ఆయన కాగితాలు గొట్టంలాగా చుట్టి రోగి గుండె చప్పుడు విన్నాడు. డాక్టర్లు మెడలో వేసుకునే గొట్టం అలా పుట్టింది. గాలిలో చప్పుడు సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. ఉక్కులో సుమారు 5 కిలోమీటర్లు పోతుంది. గాలిలో నాలుగు దిక్కులా చెదిరిపోయే సన్నని గరగర, కర్రలో పడితే చెదరకుండా నేరుగా చెవికి చేరుతుంది.

ఎనిమిది చక్రాలూ విన్నాడు. ఏడూ నున్నగా పలికాయి. కుడివైపు చివరిదానిలో కొంచెం గరగర ఉన్నది. పాత గ్రీజుతోపాటు నీళ్ళు బయటికి వచ్చేదాకా అన్నిటికీ కొత్త గ్రీజు ఎక్కించి, దానికి మాత్రం సుద్దతో గుర్తు పెట్టి, వచ్చే వారం రైలులో కొత్త బేరింగు తెప్పించాలనుకున్నాడు. ఆ తరవాత తొట్టి అడుగున ఉన్న బిరడా తీసి, లోపల చేరిన నీరంతా కారిపోనిచ్చాడు. మళ్ళీ బిరడా పెట్టి, రెండుసార్లు లాగి చూసి, చేతులు కడుక్కుని పడవ రేవుకు బయలుదేరాడు. ఆయన ఇల్లు లంకలో ఉన్నది.